పీడీఎఫ్ లింక్ నొక్కితే ఒకసారి ఓపెన్ అవుతుంది, ఇంకోసారి డౌన్‌లోడ్ అవుతుంది.. అసలు ఎవరు డిసైడ్ చేస్తారు?

ఫ్రెండ్స్, ఈసారి కొత్త ఫోన్ రివ్యూ కాదు. మనందరి ఫోన్లలో రోజూ జరిగే, కానీ ఎవరూ పట్టించుకోని ఒక చిన్న విషయం గురించి మాట్లాడుకుందాం. ఈ చిన్న విషయం వల్లే మా తమ్ముడు (బాబాయి కొడుకు) ఒక ప్రవేశ పరీక్ష దాదాపు మిస్ అయ్యాడు.

పరీక్ష ఉదయం 9 గంటలకి. వాడు 7 గంటలకి జిరాక్స్ షాపు దగ్గర నిలబడి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, హాల్ టికెట్ కనపడట్లేదు. రాత్రి డౌన్‌లోడ్ చేశా, నా కళ్లతో చూశా కూడా. ఫోటో, సెంటర్ అడ్రస్ అన్నీ వచ్చాయి. ఇప్పుడు ఫోన్ మొత్తం వెతికినా లేదు" అన్నాడు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చూడరా అన్నాను. చూశాడట, పాత పాటలు, ఎవరివో పెళ్లి వీడియోలు తప్ప ఏమీ లేవు. మళ్లీ లింక్ ఓపెన్ చేస్తే లాగిన్ పేజీ వస్తోంది. ఆ టైంకి వేల మంది అదే పని చేస్తున్నారేమో, క్యాప్చా లోడ్ అవ్వట్లేదు. మన దగ్గర 'నిమిషం నిబంధన' సంగతి మీకు తెలుసు కదా, గేటు మూస్తే మూసినట్టే.

చివరికి పక్కనే ఉన్న నెట్ సెంటర్ లో నాలుగైదు ప్రయత్నాల తర్వాత సైట్ ఓపెన్ అయింది, ప్రింట్ వచ్చింది, వాడు పరిగెత్తి లోపలికి వెళ్లాడు. సాయంత్రం వాడి ఫోన్ నా చేతికి వచ్చాక కూర్చుని చెక్ చేశాను. వాడు అబద్ధం చెప్పలేదు. నిజంగానే హాల్ టికెట్ చూశాడు. కానీ అది ఫోన్ లో సేవ్ కాలేదు. 'స్క్రీన్ మీద కనపడటం' వేరు, 'ఫైల్ గా ఉండటం' వేరు. ఈ తేడా ఎక్కడ పుడుతుంది, ఎవరు నిర్ణయిస్తారు అన్నది స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందు ఒక అపోహ: చూడటం కూడా డౌన్‌లోడే

చాలామంది "నేను డౌన్‌లోడ్ చేయలేదు, ఊరికే ఓపెన్ చేసి చూశాను" అంటారు. టెక్నికల్ గా చూస్తే ఈ మాటకి అర్థం లేదు. సర్వర్ లో ఉన్న ఫైల్ మీ స్క్రీన్ మీద కనపడాలంటే దాని బైట్లు మీ ఫోన్ కి రావాల్సిందే. 5 ఎంబీ పీడీఎఫ్ ని చివరి పేజీ దాకా చూసినా, సేవ్ చేసినా, ఖర్చయ్యే డేటా ఇంచుమించు ఒకటే.

తేడా అంతా వచ్చిన బైట్లని బ్రౌజర్ ఎక్కడ పెడుతుంది అన్నదే. 'చూపించు' అనుకుంటే వాటిని మెమరీలో పెట్టుకుని పేజీ గీస్తుంది. కావాలంటే క్యాష్ లో ఒక కాపీ ఉంచుకుంటుంది. ఆ క్యాష్ బ్రౌజర్ సొంత గది. అక్కడికి మీరు ఫైల్ మేనేజర్ తో వెళ్లలేరు, స్పేస్ తక్కువైతే బ్రౌజర్ తనంతట తనే ఖాళీ చేసేస్తుంది. పైగా వ్యక్తిగత వివరాలు ఉండే పేజీలకి వెబ్‌సైట్లు తరచూ 'నో-స్టోర్' అనే ఆదేశం పంపిస్తాయి. అంటే "దీన్ని క్యాష్ లో కూడా దాచొద్దు" అని. అదే 'సేవ్ చేయి' అనుకుంటే, ఆ బైట్లకి ఒక పేరు పెట్టి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ లో రాస్తుంది. ఆ ఫైల్ ఇక మీ సొంతం. నెట్ లేకపోయినా, సైట్ పడిపోయినా, ట్యాబ్ మూసేసినా అది అక్కడే ఉంటుంది.

హోటల్లో కూర్చుని తినడం, పార్సిల్ కట్టించుకోవడం లాంటిదే ఇది. వంటగది ఒకటే, ఇడ్లీ ఒకటే. కానీ రేపు పొద్దున ఆకలేస్తే పనికొచ్చేది పార్సిలే.

సర్వర్ పంపే చీటీ

మీరు లింక్ నొక్కగానే సర్వర్ నేరుగా ఫైల్ ని విసిరేయదు. ముందు ఒక చిన్న చీటీ పంపిస్తుంది. వాటినే హెడర్స్ అంటారు. ఇందులో మనకి ముఖ్యమైనవి రెండే.

మొదటిది కంటెంట్-టైప్. "నేను పంపేది ఏ రకం సరుకు" అని చెప్పేది ఇదే. ఉదాహరణకి:

కంటెంట్-టైప్: అప్లికేషన్/పీడీఎఫ్
కంటెంట్-టైప్: ఇమేజ్/జేపెగ్
కంటెంట్-టైప్: టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్

రెండోది కంటెంట్-డిస్పొజిషన్. "ఈ సరుకుని ఏం చేయాలి" అని చెప్పేది ఇది. దీనికి రెండు విలువలు ఉంటాయి:

కంటెంట్-డిస్పొజిషన్: ఇన్‌లైన్
కంటెంట్-డిస్పొజిషన్: అటాచ్‌మెంట్; ఫైల్‌నేమ్="హాల్‌టికెట్.పీడీఎఫ్"

ఇన్‌లైన్ అంటే వీలైతే స్క్రీన్ మీదే చూపించు అని. అటాచ్‌మెంట్ అంటే చూపించే ప్రయత్నం చేయకు, ఈ పేరుతో సేవ్ చేయి అని. అసలు ఈ హెడరే లేకపోతే బ్రౌజర్ దాన్ని ఇన్‌లైన్ లాగే భావిస్తుంది.

'అటాచ్‌మెంట్' అన్న మాట వినగానే ఈమెయిల్ గుర్తొచ్చిందా? కరెక్టే. ఈ హెడర్ పుట్టింది వెబ్ కోసం కాదు, ఈమెయిల్ కోసం. మెయిల్ లో వచ్చిన ఫోటోని మెసేజ్ మధ్యలో చూపించాలా, కింద అటాచ్‌మెంట్ గా పెట్టాలా అని చెప్పడానికి 1990ల్లో తయారు చేశారు. తర్వాత బ్రౌజర్లు దీన్ని అరువు తెచ్చుకున్నాయి. వెబ్ లో దీన్ని ఎలా వాడాలో చెప్పే ఆర్ఎఫ్‌సీ 6266 అనే ప్రమాణం 2011 లో వచ్చింది.

బ్రౌజర్ వరుసగా అడిగే మూడు ప్రశ్నలు

చీటీ చేతికి రాగానే బ్రౌజర్ ఆలోచించే పద్ధతి ఇంచుమించు ఇలా ఉంటుంది.

ప్రశ్న 1: సర్వర్ 'అటాచ్‌మెంట్' అని చెప్పిందా? చెప్పి ఉంటే ఇక చర్చ లేదు, డౌన్‌లోడే. ఆ ఫైల్ ని చూపించడం బ్రౌజర్ కి వచ్చినా సరే చూపించదు.

ప్రశ్న 2: చెప్పకపోతే, ఈ రకం ఫైల్ ని చూపించడం నాకు వచ్చా? హెచ్‌టీఎంఎల్, మామూలు టెక్స్ట్, జేపెగ్, పీఎన్‌జీ, వెబ్‌పీ ఫోటోలు, ఎంపీ4 వీడియో ఇవన్నీ బ్రౌజర్ కి వచ్చు కాబట్టి చూపిస్తుంది. జిప్, వర్డ్ డాక్యుమెంట్, ఏపీకే లాంటివి రావు కాబట్టి డౌన్‌లోడ్ చేస్తుంది. 'అప్లికేషన్/ఆక్టెట్-స్ట్రీమ్' అని ఒక రకం ఉంది. దాని అర్థం "ఇవి ఏవో బైట్లు, ఏ రకమో నేను చెప్పను" అని. అది కనపడినా డౌన్‌లోడే. లోపల ఉన్నది చక్కటి పీడీఎఫ్ అయినా సర్వర్ ఆక్టెట్-స్ట్రీమ్ అని పంపితే ట్యాబ్ లో ఓపెన్ అవ్వదు, ఫైల్ గా దిగుతుంది.

ప్రశ్న 3: యూజర్ సెట్టింగ్స్ లో వేరే ఏమైనా చెప్పాడా? ముఖ్యంగా పీడీఎఫ్ విషయంలో ఇది వర్తిస్తుంది. క్రోమ్ లో "పీడీఎఫ్ లు ఎప్పుడూ డౌన్‌లోడ్ చేయి" అని ఆన్ చేసి ఉంటే, చూపించడం వచ్చినా సేవ్ చేస్తుంది.

టైటిల్ లో అడిగిన ప్రశ్నకి సమాధానం ఇదే. ఒక సైట్ లో పీడీఎఫ్ ఓపెన్ అయి ఇంకో సైట్ లో డౌన్‌లోడ్ అయిందంటే మీ ఫోన్ పాడవ్వలేదు. ఆ రెండు సర్వర్లు పంపిన చీటీలు వేరు, అంతే.

ఫైల్ పేరు చివర ఉన్న చుక్క కాదు ముఖ్యం

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. లింక్ చివర చుక్క పీడీఎఫ్ అని ఉంటే అది పీడీఎఫ్ అనుకుంటాం. కానీ బ్రౌజర్ లింక్ చివరని కాకుండా కంటెంట్-టైప్ ని నమ్ముతుంది. లింక్ చివర ఏ ఎక్స్‌టెన్షన్ లేకపోయినా, కంటెంట్-టైప్ లో పీడీఎఫ్ అని వస్తే పీడీఎఫ్ గానే తెరుస్తుంది.

మరి సర్వరే తప్పు చెప్తే? గతంలో ఇది మామూలు. అపాచీ అనే ఫేమస్ వెబ్ సర్వర్, 2.4 వెర్షన్ కి ముందు, తనకి తెలియని ఫైల్స్ ని కూడా డీఫాల్ట్ గా 'టెక్స్ట్/ప్లెయిన్' అని పంపేసేది. దాంతో ఏదో ఆర్కైవ్ ఫైల్ నొక్కితే స్క్రీన్ నిండా పిచ్చి పిచ్చి గుర్తులు పరుచుకునేవి. దీనికి విరుగుడుగా బ్రౌజర్లు 'స్నిఫింగ్' మొదలుపెట్టాయి. అంటే వాసన చూడటం. ఫైల్ మొదటి కొన్ని బైట్లు చూసి అది నిజంగా ఏ రకమో ఊహించడం అన్నమాట. పీడీఎఫ్ ఫైల్ ఎప్పుడూ శాతం గుర్తుతో, ఆ వెంటనే పీడీఎఫ్ అనే మూడు అక్షరాలతో మొదలవుతుంది. జిప్ ఫైల్ 'పీకే' అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. జిప్ ఫార్మాట్ ని తయారు చేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు అవి. వర్డ్ వాళ్ల డాక్స్, ఆండ్రాయిడ్ ఏపీకే కూడా లోపల జిప్పులే కాబట్టి సాధారణంగా అవీ 'పీకే' తోనే మొదలవుతాయి.

కానీ వాసన చూడటంలో ఒక ప్రమాదం ఉంది. ఎవడో ఫోటో అని అప్‌లోడ్ చేసిన ఫైల్ లో స్క్రిప్ట్ దాచిపెడితే, బ్రౌజర్ అతి తెలివితో "ఇది హెచ్‌టీఎంఎల్ లా ఉందే" అని దాన్ని రన్ చేసేస్తే? అందుకే 2008 లో మైక్రోసాఫ్ట్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 తో 'నోస్నిఫ్' అనే హెడర్ తెచ్చింది. "నేను చెప్పిన రకాన్నే నమ్ము, నీ సొంత ఊహలు వద్దు" అని సర్వర్ గట్టిగా చెప్పడం అన్నమాట. ఇప్పుడు అన్ని పెద్ద బ్రౌజర్లూ దీన్ని పాటిస్తున్నాయి.

కొన్ని సైట్లు కావాలనే డౌన్‌లోడ్ ఎందుకు చేయిస్తాయి?

"చూస్తే సరిపోయేదానికి డౌన్‌లోడ్ ఎందుకు చేయిస్తారు" అని నేను కూడా విసుక్కునేవాణ్ణి. కారణం తెలిశాక విసుగు తగ్గింది.

ఒక మెయిల్ సైట్ ఉందనుకోండి. మీకు ఎవరో ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్ అటాచ్ చేసి పంపారు. ఆ సైట్ దాన్ని తన సొంత అడ్రస్ మీదే ఇన్‌లైన్ గా చూపిస్తే, అందులోని స్క్రిప్ట్ ఆ సైట్ లో భాగమన్నట్టు రన్ అవుతుంది. మీరు ఆల్రెడీ లాగిన్ అయి ఉన్నారు కాబట్టి, మీ పేరు మీద మెయిల్స్ చదవగలదు, పంపగలదు. అదే అటాచ్‌మెంట్ అని పంపితే ఆ ఫైల్ డిస్క్ మీద ఊరికే పడి ఉంటుంది. సైట్ తరఫున ఏమీ చేయలేదు. ఎస్‌వీజీ అనే ఫోటో రకంలో కూడా స్క్రిప్ట్ పెట్టొచ్చు కాబట్టి దాన్నీ జాగ్రత్తగా చూస్తారు.

అందుకే పెద్ద కంపెనీలు యూజర్లు అప్‌లోడ్ చేసిన ఫైల్స్ కి వేరే డొమైన్ వాడతాయి. గూగుల్ కి గూగుల్‌యూజర్‌కంటెంట్ అనే వేరే డొమైన్ ఉన్నది ఇందుకే. గిట్‌హబ్ లో 'రా' బటన్ నొక్కితే హెచ్‌టీఎంఎల్ ఫైల్ కూడా పేజీలా కాకుండా ఉత్త టెక్స్ట్ లా కనపడుతుంది చూశారా? అదీ ఇందుకే. టెక్స్ట్/ప్లెయిన్ అని చెప్పి, పక్కనే నోస్నిఫ్ కూడా పెట్టి, వేరే డొమైన్ నుంచి పంపిస్తారు.

వెబ్‌సైట్లు తయారు చేసే తమ్ముళ్లకి ఒక మాట. హెచ్‌టీఎంఎల్ లింక్ ట్యాగ్ లో 'డౌన్‌లోడ్' అనే ఆట్రిబ్యూట్ పెడితే సర్వర్ ని ముట్టుకోకుండానే డౌన్‌లోడ్ చేయించొచ్చు. కానీ అది మీ సొంత సైట్ లోని ఫైల్స్ కే పని చేస్తుంది. వేరే సైట్ ఫైల్ కి పెడితే బ్రౌజర్ దాన్ని పక్కన పెట్టి మామూలు లింక్ లా తెరుస్తుంది. క్రోమ్ 2018 లో వచ్చిన 65వ వెర్షన్ నుంచి ఈ కట్టడి పెట్టింది. "నా కోడ్ కరెక్టే, అయినా డౌన్‌లోడ్ అవ్వట్లేదు" అని గంటలు గంటలు కూర్చునే ముందు ఇది ఒకసారి చూసుకోండి.

ఒకే లింక్, వేరు వేరు ఫోన్లు

చీటీ ఒకటే అయినా, 'నాకు చూపించడం వచ్చా' అనే రెండో ప్రశ్నకి ఒక్కో బ్రౌజర్ సమాధానం ఒక్కోలా ఉంటుంది.

కంప్యూటర్ లో క్రోమ్ కి 2010 నుంచే సొంత పీడీఎఫ్ వ్యూయర్ ఉంది. ఫైర్‌ఫాక్స్ 2013 లో 19వ వెర్షన్ తో జావాస్క్రిప్ట్ లో రాసిన వ్యూయర్ ని డీఫాల్ట్ చేసింది. కాబట్టి ఈ రెండింట్లో ఇన్‌లైన్ పీడీఎఫ్ ట్యాబ్ లోనే తెరుచుకుంటుంది.

ఆండ్రాయిడ్ క్రోమ్ మాత్రం చాలా ఏళ్లు పీడీఎఫ్ ని చూపించేది కాదు. నేరుగా డౌన్‌లోడ్ చేసి వేరే యాప్ కి ఇచ్చేది. ఇప్పుడు కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో లోపలే చూపించడం మొదలుపెట్టింది. గమనించండి, ఇది ఒక రకంగా రిస్క్ కూడా. పాత ఫోన్ లో లింక్ నొక్కితే చాలు, ఫైల్ డౌన్‌లోడ్స్ లో పడేది. కొత్త ఫోన్ లో అదే అలవాటుతో నొక్కి, చూసి, వెనక్కి వచ్చేస్తే డౌన్‌లోడ్స్ లో వెతికినా దొరకకపోవచ్చు.

ఐఫోన్ లో సఫారీ పీడీఎఫ్ ని లోపలే చూపిస్తుంది. సేవ్ చేయాలంటే షేర్ బటన్ నొక్కి 'సేవ్ టు ఫైల్స్' ఎంచుకోవాలి. అసలు సఫారీకి డౌన్‌లోడ్ మేనేజర్ వచ్చిందే 2019 లో ఐఓఎస్ 13 తో.

ఇక అన్నిటికంటే తలనొప్పి ఇన్-యాప్ బ్రౌజర్లు. మెసేజింగ్, సోషల్ మీడియా యాప్స్ లో లింక్ నొక్కితే క్రోమ్ కి వెళ్లకుండా ఆ యాప్ లోపలే పేజీ తెరుచుకుంటుంది చూడండి, అదే. ఆండ్రాయిడ్ లో చాలావరకు ఇవి 'వెబ్‌వ్యూ' అనే భాగంతో నడుస్తాయి. వెబ్‌వ్యూకి పేజీ చూపించడం వచ్చు కానీ, డౌన్‌లోడ్ చేయడం దానంతట దానికి రాదు. ఆ యాప్ తయారు చేసినవాళ్లు "డౌన్‌లోడ్ వస్తే ఇలా చేయి" అని విడిగా కోడ్ రాయాలి. రాయకపోతే? ఎర్రర్ రాదు, మెసేజ్ రాదు. బటన్ నొక్కితే ఏమీ జరగదు, అంతే.

మా తమ్ముడికి జరిగింది అచ్చంగా ఇదే. హాల్ టికెట్ లింక్ వాళ్ల కోచింగ్ గ్రూప్ లో వచ్చింది. ఆ మెసేజింగ్ యాప్ లోపలే ఓపెన్ చేశాడు, లాగిన్ అయ్యాడు. ఫోటోతో సహా హాల్ టికెట్ పేజీ వచ్చింది. కింద 'డౌన్‌లోడ్' బటన్ నొక్కాడు. ఏమీ జరగలేదు. కానీ ఎదురుగా హాల్ టికెట్ కనపడుతోంది కదా, అయిపోయిందనుకుని యాప్ మూసేశాడు. నేను వాడి ఫోన్ లోనే రెండు రకాలుగా చేసి చూశాను. యాప్ లోపల నొక్కితే మౌనం. అదే లింక్ ని క్రోమ్ లో ఓపెన్ చేసి నొక్కితే రెండు సెకన్లలో ఫైల్ దిగింది. ఇది చూపించాక వాడు అన్న మాట నాకు బాగా గుర్తుంది: "అది రాలేదని కనీసం చెప్పాలి కదా అన్నా." నిజమే. చెప్పి ఉంటే అంత టెన్షన్ ఉండేది కాదు.

తెలుగు ఫైల్ పేర్ల కష్టాలు

కొన్ని సైట్ల నుంచి తెలుగు పేరున్న ఫైల్ డౌన్‌లోడ్ చేస్తే, పేరు బదులు శాతం గుర్తులు, ఈ0, బీ0 అంటూ ఒక పెద్ద తోరణం కనపడుతుంది. అది వైరస్ కాదు. యూటీఎఫ్-8 లో ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తుకి 3 బైట్లు పడతాయి. వాటిలో మొదటిది ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 లేదా బీ1. హెడర్లలో పాత కాలం నుంచి ఇంగ్లీష్ అక్షరాలే సేఫ్ గా వెళ్తాయి కాబట్టి, ఒక్కో బైట్ ని శాతం గుర్తు పెట్టి మూడు ఇంగ్లీష్ గుర్తులుగా రాస్తారు. అంటే మన ఒక్క 'క' తొమ్మిది గుర్తులు అవుతుంది.

దీన్ని తిరిగి తెలుగులోకి మార్చమని బ్రౌజర్ కి చెప్పడానికి ఫైల్‌నేమ్ పక్కన నక్షత్రం గుర్తు పెట్టి, 'యూటీఎఫ్-8' అని రాసే పద్ధతి ఒకటి ఉంది. డెవలపర్ అది మర్చిపోతే మీకు తోరణమే మిగులుతుంది. ఇంకో సంగతి, ఆండ్రాయిడ్ ఫైల్ సిస్టమ్ లో పేరుకి పరిమితి మామూలుగా 255 బైట్లు. తెలుగులో అంటే 85 గుర్తులే. గుణింతాలు, ఒత్తులు కూడా విడి గుర్తులుగా లెక్కకి వస్తాయి. కాబట్టి పెద్ద పెద్ద పేర్లు పెట్టకండి.

సగంలో ఆగిన ఫైల్

క్రోమ్ డౌన్‌లోడ్ పూర్తయ్యేదాకా ఫైల్ కి 'సీఆర్‌డౌన్‌లోడ్' అనే తోక పెడుతుంది, ఫైర్‌ఫాక్స్ 'పార్ట్' అని పెడుతుంది. ఆ తోక కనపడుతోందంటే ఫైల్ ఇంకా పూర్తి కాలేదని అర్థం. పేరు మార్చేసి ఓపెన్ చేద్దామని చూడకండి, చాలాసార్లు తెరుచుకోదు.

మధ్యలో నెట్ పోతే కొన్ని ఫైల్స్ ఆగిన చోటు నుంచే మొదలవుతాయి, కొన్ని మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. ఇదీ సర్వర్ చేతిలోనే ఉంది. "ఫలానా బైట్ నుంచి పంపు" అని బ్రౌజర్ అడిగితే, ఒప్పుకునే సర్వర్ 206 అనే కోడ్ తో మిగతా భాగం పంపిస్తుంది. ఒప్పుకోని సర్వర్ 200 అని చెప్పి మొత్తం మొదటి నుంచి పంపిస్తుంది.

ఇక్కడ డబ్బులు పోతాయి, జాగ్రత్త

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. మా పెద్దమ్మకి తెలియని నంబర్ నుంచి 'పెళ్లి శుభలేఖ' అని ఒక ఫైల్ వచ్చింది. నొక్కితే ఓపెన్ అవ్వలేదు, ఇన్‌స్టాల్ చేయమని అడిగింది. అదృష్టం కొద్దీ "ఒరేయ్, శుభలేఖ చూడాలంటే ఏదో పర్మిషన్ ఇమ్మంటోంది, ఇవ్వనా?" అని నాకు ఫోన్ చేసింది. అది ఏపీకే. ఇన్‌స్టాల్ చేసి పర్మిషన్లు ఇచ్చి ఉంటే ఫోన్ కి వచ్చే ఎస్ఎంఎస్ లు, ఓటీపీలు వాడి చేతికి వెళ్లేవి. ఈ తరహా మోసాల మీద సైబర్ పోలీసులు ఇప్పటికే చాలాసార్లు హెచ్చరించారు.

పైన నేర్చుకున్నది ఇక్కడ నేరుగా పనికొస్తుంది. శుభలేఖ అంటే ఫోటో, పీడీఎఫ్ లేదా వీడియో. ఈ మూడూ చూపించడానికి మీ ఫోన్ లో ఆల్రెడీ ఏర్పాట్లు ఉన్నాయి. బ్యాంక్ కేవైసీ నోటీసు, ట్రాఫిక్ చలాన్, కరెంట్ బిల్లు కూడా అంతే. చూడాల్సిన వస్తువు ఏదైనా 'ఇన్‌స్టాల్' అని అడిగిందంటే అది చూసే వస్తువు కాదు, రన్ అయ్యే ప్రోగ్రామ్. అక్కడే ఆగిపోండి. 'శుభలేఖ.పీడీఎఫ్.ఏపీకే' అని రెండు తోకలు ఉంటే లెక్కలోకి వచ్చేది చివరి తోకే.

ఆండ్రాయిడ్ 8 నుంచి 'తెలియని యాప్స్ ఇన్‌స్టాల్' అనే పర్మిషన్ ఒక్కో యాప్ కి విడివిడిగా ఉంటుంది. సెట్టింగ్స్ లోకి వెళ్లి మీ బ్రౌజర్ కి, మెసేజింగ్ యాప్ కి అది ఆఫ్ లో ఉందో లేదో చూడండి. ఇంట్లో అమ్మ, నాన్న ఫోన్లలో కూడా ఆఫ్ చేయండి. ఒకవేళ ఇప్పటికే డబ్బులు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 కి కాల్ చేయండి.

సొంత ఫోన్ లో సేవ్ చేయండి, నెట్ సెంటర్ లో చూసి వదిలేయండి

ఆ రోజు నెట్ సెంటర్ లో తమ్ముడు ప్రింట్ తీసుకునేటప్పుడు ఇంకో విషయం గమనించాడట. ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా వేరేవాళ్ల ఆధార్ లు, మార్కుల మెమోలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఉన్నాయి. వాడి హాల్ టికెట్ కూడా వాటి పక్కనే చేరింది. తొందరలో డిలీట్ చేయలేదు. అంటే రాత్రి వాడి సొంత ఫోన్ లో ఉండాల్సిన ఫైల్ అక్కడ లేదు, ఉండకూడని చోట మాత్రం భద్రంగా ఉంది!

ఇన్‌కాగ్నిటో వాడితే సరిపోతుంది అనుకోకండి. ఇన్‌కాగ్నిటో మూసేస్తే హిస్టరీ, లాగిన్ పోతాయి కానీ డౌన్‌లోడ్ అయిన ఫైల్స్ డిస్క్ మీద అలాగే ఉంటాయి. ఈ-ఆధార్ కి పాస్‌వర్డ్ ఉంది కదా అంటారేమో. పేరులో మొదటి 4 అక్షరాలు, పుట్టిన సంవత్సరం అనే ఫార్ములా అందరికీ తెలిసిందే. అందుకే వేరేవాళ్ల కంప్యూటర్ లో వీలైతే పీడీఎఫ్ ని ట్యాబ్ లోనే ఓపెన్ చేసి, కంట్రోల్ పీ నొక్కి నేరుగా ప్రింట్ ఇవ్వండి. తప్పక డౌన్‌లోడ్ అయితే, పని అవ్వగానే షిఫ్ట్ డిలీట్ కొట్టండి. మామూలు డిలీట్ అయితే రీసైకిల్ బిన్ లో ఉండిపోతుంది.

మీ ఫోన్, కంప్యూటర్ లో ఇప్పుడే చేయాల్సినవి

1. కంప్యూటర్ క్రోమ్ లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, అడిషనల్ కంటెంట్ సెట్టింగ్స్, పీడీఎఫ్ డాక్యుమెంట్స్ కి వెళ్లండి. చూడాలో, డౌన్‌లోడ్ చేయాలో మీరే ఎంచుకోండి. ఫైర్‌ఫాక్స్ లో అయితే సెట్టింగ్స్ లోని అప్లికేషన్స్ జాబితాలో పీడీఎఫ్ పక్కన ఇదే ఆప్షన్ ఉంటుంది.

2. ముఖ్యమైన లింక్ ఏదైనా యాప్ లోపల తెరుచుకుంటే, పై మూలలో మూడు చుక్కలు నొక్కి 'ఓపెన్ ఇన్ బ్రౌజర్' లేదా 'ఓపెన్ ఇన్ క్రోమ్' ఎంచుకోండి.

3. డౌన్‌లోడ్ బటన్ నొక్కాక వెంటనే ఫైల్స్ యాప్ లోకి వెళ్లి ఫైల్ ఉందో లేదో చూడండి. ఉంటే ఫోన్ ని ఏరోప్లేన్ మోడ్ లో పెట్టి ఒకసారి ఓపెన్ చేయండి. నెట్ లేకుండా తెరుచుకుంటే అది నిజంగా మీ దగ్గర ఉన్నట్టు. దీనికి మించిన టెస్ట్ లేదు.

4. ఏమీ జరగట్లేదని బటన్ పదిసార్లు నొక్కకండి. పేరు పక్కన బ్రాకెట్ లో 1, 2, 3 అంటూ అదే ఫైల్ మళ్లీ మళ్లీ దిగుతుంది, డేటా కూడా పోతుంది.

చివరగా ఒక చిన్న ప్రయోగం

కంప్యూటర్ లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ ట్యాబ్ లోకి వెళ్లి, ఏదైనా పీడీఎఫ్ లేదా ఫోటో లింక్ ఓపెన్ చేయండి. జాబితాలో ఆ ఫైల్ పేరు మీద క్లిక్ చేస్తే హెడర్స్ కనపడతాయి. అందులో కంటెంట్-టైప్ ఏంటి, కంటెంట్-డిస్పొజిషన్ ఉందా లేదా చూడండి. నాలుగు సైట్లు ఇలా చూశాక, ఐదో సైట్ లో హెడర్లు చూసి ఓపెన్ అవుతుందో డౌన్‌లోడ్ అవుతుందో మీరే చెప్పేయగలరు.

తమ్ముడికి తర్వాతి నెలలో ఇంకో పరీక్ష ఉండింది. ఈసారి వారం ముందే ఫోన్ చేశాడు. "అన్నా, క్రోమ్ లో ఓపెన్ చేశా, ఫైల్ వచ్చింది, ఏరోప్లేన్ మోడ్ లో కూడా చూశా. నీకు కూడా ఒక కాపీ పంపిస్తున్నా" అన్నాడు. మీ ఇంట్లో కూడా ఈ సీజన్ లో పరీక్ష రాసేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ల హాల్ టికెట్ కి ఈ రాత్రే ఏరోప్లేన్ మోడ్ టెస్ట్ చేయించండి.